కరిచే గుఱ్ఱం నేర్పిన పాఠాలు

ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో మరెల్ గ్రీన్ అనే చోట, 1858 నాటికి ఒక మగ గుఱ్ఱం ఖైదీవలె బ్రతుకుతూ ఉండేది. దాని పేరు క్రూజర్. వెనిసన్ అనే పేరుపొందిన పందెపు గుఱ్ఱానికి పుట్టిన మేలుజాతి జంతువు అది. డార్చెస్టర్ ప్రభువు సొత్తు. ఒకప్పుడు దానిపై యజమానులు గొప్ప ఆశలు పెట్టుకొన్నారు. కాని దాని కోపానికి జడిసి మనుష్యులు దగ్గరకు పోవడమే మానుకొన్నారు. తలకు 8 పౌన్ల బరువుగల ఇనుప చిక్కం తగిలించి ఉంచారు. అంగుళం మందంగల ఇనుప కడ్డీని అది పండ్లతో విరిచిందని ఆనాటివారు చెప్పుకొన్నారు. సుమారు 3 సంవత్సరాలపాటు దానిపై ఎవరూ ఎక్కలేదు. ఒళ్ళు తుడిచి మాలీసు చేయడానికి కూడ ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆ ఏడు ఏప్రిల్ మాసంలో జాన్ సాలమన్ రేరీ అనే 30 ఏండ్ల అమెరికా దేశస్థుడు ఆ గుఱ్ఱపుశాలలో ప్రవేశించాడు. 3 గంటలు గడిచిన పిమ్మట అతడూ, డార్చెస్టర్ ప్రభువూ కూడ క్రూజర్‌ను ఎక్కి చూచారు. ఈ సంగతిని ప్రభువే పత్రికకు వ్రాసిన జాబులో ప్రకటించాడు. లండన్ నగరం విస్తుపోయింది.

ఆ 3 గంటలలో ఏమి జరిగింది? గుఱ్ఱం నిజంగా మారిందా, లేక ఓడిపోయిందా? ఈ ప్రశ్నకు ఆనాటివారు చెప్పిన సమాధానం ఒకటి. నేటి శాస్త్రజ్ఞులు చెప్పే సమాధానం మరొకటి. ఆ రెండింటికీ నడుమ జరిగిన కథ తెలిస్తే, గుఱ్ఱాన్ని గురించియే కాక, భయాన్ని గురించీ శిక్షను గురించీ కూడ కొంత తెలుస్తుంది.

ప్రాచీనుల అనుభవం

గుఱ్ఱం కరవడం క్రొత్త సమస్య కాదు. గుఱ్ఱాల పెంపకాన్ని గురించి పూర్తిగా మనకు దక్కిన ప్రాచీన గ్రంథాలలో గ్రీకు సేనాని జెనొఫన్ వ్రాసిన పుస్తకం ముఖ్యమైనది. ఇది క్రీ. పూ. 4వ శతాబ్దికి చెందినది. కళ్ళెం లేకుండా గుఱ్ఱాన్ని ఎక్కడికి నడిపించినా మూతికి చిక్కం కట్టాలని అందులో ఆయన సాహిణికి చెప్పాడు. చిక్కం ఊపిరికి అడ్డురాదు, కాని కరవనీయదు, గుఱ్ఱానికి తుంటరి ఆలోచనలు కూడ రానీయదు అని ఆయన అభిప్రాయం. అంటే, 2300 ఏండ్ల క్రిందటి సాహిణులు కూడ ఈ కాట్లు తిన్నవారే అన్నమాట.

అయితే జెనొఫన్ చిక్కంతో ఆగిపోలేదు. కోపంలో ఉన్నప్పుడు గుఱ్ఱం జోలికి పోరాదన్నది ఆయన చెప్పిన మొదటి సూత్రం. గుఱ్ఱం ఒక వస్తువును చూచి బెదిరితే కొట్టి దాని దగ్గరకు తోలరాదు. రౌతు తానే ముందుగా ఆ వస్తువును ముట్టుకొని, నెమ్మదిగా గుఱ్ఱాన్ని దానివద్దకు నడిపించాలి. కొట్టినట్లయితే ఆ దెబ్బకూ ఆ వస్తువుకూ సంబంధం ఉన్నదని గుఱ్ఱం తలపోస్తుంది, భయం రెట్టింపవుతుంది. ప్రయోగశాలలు లేని కాలంలో, కేవలం పరిశీలనచేత చెప్పిన ఈ మాటను మనస్తత్వశాస్త్రం 20వ శతాబ్దిలో గాని నిరూపించలేకపోయింది.

భయాన్ని గుర్తించడంలో అలెగ్జాండరు కథ అందరూ ఎరిగినదే. 13 టాలెంట్లకు అమ్మవచ్చిన బుసెఫలస్ అనే గుఱ్ఱాన్ని ఫిలిప్ రాజు సేవకులు ఎవరూ ఎక్కలేకపోయారు. బాలుడైన అలెగ్జాండరు, అది తన నీడను తానే చూచి బెదురుతున్నదని గ్రహించి, దాని ముఖాన్ని సూర్యుని వైపు త్రిప్పి, నిమిరి, నెమ్మదిగా ఎక్కాడని ప్లుటార్క్ వ్రాశాడు. ఇందులో కల్పన ఎంత ఉన్నా, పొగరుగా కనబడినదాని వెనుక భయం ఉండవచ్చునన్న ఎరుక మాత్రం విలువైనది. ఆ గుఱ్ఱం క్రీ. పూ. 326లో, జీలం నదీతీరాన జరిగిన యుద్ధం తరువాత మరణించింది. దాని పేరిట అలెగ్జాండరు అక్కడ ఒక పట్టణం కట్టించాడు.

మన దేశంలో అశ్వశాస్త్రానికి శాలిహోత్రుని మూలపురుషునిగా చెబుతారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులకు ఒక అధ్యాయం కేటాయించబడి ఉన్నది. గుఱ్ఱాలను తీక్ష్ణములు, భద్రములు, మందములు అని స్వభావాన్నిబట్టి విభజించి, దానికి తగిన పనిలో నియమించాలని అక్కడ చెప్పబడింది. అన్ని గుఱ్ఱాలనూ ఒకే కొరడాతో తోలరాదన్న తెలివి ఇందులో ఉన్నది.

తెలుగునాట కూడ అశ్వపాలన గౌరవమైన వృత్తి. కాకతీయుల కాలంలో ‘సాహిణి’ అన్నది అశ్వదళాధిపతుల బిరుదు. భాస్కర రామాయణం సాహిణి మారనకు అంకితమయింది. మనుమంచి భట్టు తెలుగు పద్యాలలో అశ్వశాస్త్రం రచించాడు. కాని దక్షిణ దేశంలో మేలుజాతి గుఱ్ఱాలు విరివిగా పుట్టవు. సముద్రం మీద అరేబియా, పారశీక తీరాలనుండి రావలసిందే. 13వ శతాబ్ది చివర తమిళతీరాన్ని చూచిన మార్కో పోలో, ఇక్కడికి దిగుమతి అయిన గుఱ్ఱాలలో చాలా భాగం సరియైన పోషణ, వైద్యం లేక చనిపోతున్నవనీ, గుఱ్ఱపు వైద్యులు ఇక్కడికి రాకుండ వర్తకులే అడ్డుపడుతున్నారనీ వ్రాశాడు. గుఱ్ఱాలు చస్తేనే గదా క్రొత్తవి అమ్ముడుపోయేది! విజయనగర ప్రభువు ఏటేటా 13,000 గుఱ్ఱాలు కొనేవాడని 16వ శతాబ్దిలో నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు వ్రాశాడు. ఇంత ఖరీదుపెట్టి కొన్న జంతువును అర్థం చేసుకోకపోతే కలిగే నష్టం ఎంతటిదో ఊహించవచ్చును.

నిప్పుతో, ముళ్ళతో

జెనొఫన్ చెప్పిన మెత్తని మార్గం చాలాకాలం మరుగున పడింది. 1550లో నేపుల్సు నగరవాసి ఫెడరికో గ్రిజోనె ప్రచురించిన అశ్వారోహణ గ్రంథం ఐరోపా అంతటా వ్యాపించింది. మొరాయించే గుఱ్ఱానికి ఆయన చెప్పిన చికిత్సలు నేడు చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పొడవైన కఱ్ఱకు పిల్లిని కట్టి గుఱ్ఱం వెనుక కాళ్ళ మధ్య రక్కించడం, తోకక్రింద ముళ్ళపందిని కట్టడం, మండే గడ్డి చూపి తరమడం వాటిలో కొన్ని. గుఱ్ఱం కావాలనే మొండికెత్తుతుంది, దాని పొగరు అణచాలి అన్న నమ్మకమే వీటికి పునాది.

ఫ్రాన్సులో 13వ లూయీ రాజుకు స్వారీ నేర్పిన ప్లూవినెల్ ఈ ధోరణికి ఎదురు తిరిగాడు. ఆయన మరణానంతరం 1623లో వెలువడిన గ్రంథంలో, గుఱ్ఱపు సహజమైన చక్కదనాన్ని చెడగొట్టకుండ, బుద్ధిని మేలుకొలిపి నేర్పాలని బోధించాడు. అయితే ఈ మాటలు రాజాస్థానపు శాలలకే పరిమితమయినవి. బండ్లు లాగే గుఱ్ఱాలకూ, పొలం దున్నే గుఱ్ఱాలకూ కొరడాయే గురువుగా మిగిలింది.

గుసగుసల సలివాన్

ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది మొదట సలివాన్ అనే నిరుపేద ఉండేవాడు. దుష్టమైన గుఱ్ఱాలను లొంగదీయడంలో ఆయనకు సాటి లేరు. గుఱ్ఱం చెవిలో ఏదో మంత్రం ఊదుతాడని జనం నమ్మి, ‘గుసగుసలాడేవాడు’ అని పేరుపెట్టారు.

1804లో కర్రా మైదానంలో జరిగిన వసంతకాలపు పందేలకు కింగ్ పిపిన్ అనే గుఱ్ఱాన్ని తెచ్చారు. దగ్గరకు వచ్చినవారిపై అది దూకేది. అంతేకాదు, వీపుపై కూర్చున్న రౌతు కాలిని మెడ త్రిప్పి పండ్లతో పట్టుకొని క్రిందికి లాగేది. కళ్ళెం వేయబోయిన ఒక మొరటు మనిషిని రొమ్ము దగ్గర కరచి పట్టుకొన్నది. తొడిగిన బట్టలు దళసరిగా ఉండడంచేత అతడు బ్రతికి బయటపడ్డాడు. అప్పుడు సలివాన్‌ను పిలిపించారు. ఆయన ఒక రాత్రంతా గుఱ్ఱంతో శాలలో తలుపు మూసుకొని గడిపాడు. తెల్లవారేసరికి అది పెంపుడు కుక్కవలె ఆయన వెంట నడచివచ్చింది.

తలుపుల వెనుక ఏమి జరిగిందో సలివాన్ ఎవరికీ చెప్పలేదు. ఆయన 1810 ప్రాంతంలో మరణించగా రహస్యం ఆయనతోనే పోయింది. ఇక్కడ గమనించదగినది ఒకటున్నది. చేసినదానిని దాచినంతకాలం అది ఎంత అద్భుతమైనా విద్య కాదు. ఇతరులు చేసి చూడగలగాలి, తప్పులు పట్టగలగాలి; అప్పుడే అది శాస్త్రమవుతుంది. ఆ అడుగు వేయడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

ఒహాయో రైతుబిడ్డ

జాన్ రేరీ 1827లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో గ్రోవ్‌పోర్ట్ దగ్గర ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. చిన్ననాటినుండి గుఱ్ఱాలను మచ్చిక చేయడమే ఆయన వ్యాపకం. 1856లో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అందులో 3 సూత్రాలున్నవి. గుఱ్ఱానికి పూర్తిగా అర్థమయ్యేటట్లు, దాని స్వభావానికి విరుద్ధం కాకుండ అడిగిన పనికి అది ఎదురు తిరగదన్నది మొదటిది. తన బలం ఎంతో గుఱ్ఱానికి స్వతహాగా తెలియదు, అనుభవంచేతనే తెలుసుకొంటుందన్నది రెండవది. ఎంత భయంకరంగా కనబడే వస్తువునైనా, నొప్పి కలిగించనిదైతే, గుఱ్ఱం దానిని తన పద్ధతిలో పరీక్షించుకోనిస్తే భయపడడం మానుతుందన్నది మూడవది.

1857 చివర ఆయన ఇంగ్లండుకు వెళ్ళాడు. 1858 జనవరిలో విండ్సర్ కోటలో విక్టోరియా రాణి ఎదుట తన విద్య ప్రదర్శించాడు. తరువాత ఒక్కొక్కరు 10 గినీలు చెల్లించి, రహస్యం వెల్లడించమని ఒప్పుకొంటేనే నేర్పేటట్లు తరగతులు ఏర్పాటయినవి. ధనికులు, సైనికాధికారులు చేరారు. మందులో మత్తో పెడుతున్నాడని కొందరు అనుమానించారు. క్రూజర్ ఉదంతం ఈ అనుమానాలను చాలావరకు తీర్చింది. ఇంతలో ఆయన అమెరికాలో వేసిన పుస్తకాన్నే లండన్ ప్రచురణకర్తలు చవుక ధరకు తిరిగి అచ్చువేశారు. రహస్యం రహస్యం కాకుండ పోయింది. రేరీ తన శిష్యులకు ప్రమాణబంధం విడిచిపెట్టాడు. ఆ విధంగా, ఆయన మొదట తలపెట్టకపోయినా, ఈ విద్య లోకానికంతకూ దక్కింది.

ఆయన పద్ధతి ఇది. మొదట తొందరపడక దగ్గరకు చేరి, గుఱ్ఱం ముందరి కాలు ఒకటి మడచి తోలుపట్టీతో బిగించేవాడు. 3 కాళ్ళపై నిలిచిన గుఱ్ఱం తన్నలేదు, పరుగెత్తలేదు. తరువాత రెండవ పట్టీతో మరొక ముందరి కాలిని పైకి లాగేవాడు. గుఱ్ఱం కొంతసేపు పెనుగులాడి, చెమటలు క్రక్కి, మోకాళ్ళపై వ్రాలి, చివరకు ప్రక్కకు ఒరిగి పడుకొనేది. అప్పుడు ఆయన దానిని కొట్టేవాడు కాదు. మెడ, కాళ్ళు, గిట్టలు అన్నీ నిమిరేవాడు, మెల్లగా మాట్లాడేవాడు. లేచిన పిమ్మట గొడుగు తెరచి చూపేవాడు, వీపుపై డప్పు వాయించేవాడు. అది కదలక నిలిచేది. కాలు కట్టే ఉపాయం అంతకుముందు కొందరికి తెలిసినదే. దానికి మెత్తని చేతి స్పర్శను జతచేసి, ఒక క్రమంలో పెట్టి, కారణాలు చెప్పడం రేరీ చేసిన పని.

కొరడా లేకుండ గుఱ్ఱాన్ని లొంగదీయవచ్చునని వేలాదిమంది కళ్ళారా చూచారు. జంతువులపట్ల క్రూరత్వాన్ని నిరసించే భావం ఇంగ్లండులో బలపడుతున్న రోజులవి. ఆ ఉద్యమానికి రేరీ ప్రదర్శనలు ఎంతో తోడ్పడినవి.

కాటు ఒక భాష

ఇక ఆధునికులు కనుగొన్నదేమిటో చూద్దాం. గుఱ్ఱం మందలో బ్రతికే జంతువు. దానికి మాటలు లేవు. చెవులు, మెడ, పెదవులు, గిట్టలే మాటలు. దూరంగా పొమ్మని చెప్పవలసివస్తే మొదట చెవులు వెనుకకు వాల్చి మెడకు అంటిస్తుంది. వినకపోతే మెడ చాచి తల విసురుతుంది. అప్పటికీ వినకపోతే పండ్లు చూపి గాలిని కరుస్తుంది. వీటిలో దేనికీ ఫలితం లేకపోతేనే ఒంటికి పండ్లు తగిలేది. మందలోని తోటి గుఱ్ఱం మొదటి సంజ్ఞకే తప్పుకొంటుంది. అందుచేత నిజమైన కాట్లు అక్కడ అరుదు. సంజ్ఞ తెలియని మనిషి తప్పుకోడు. మొదటి 3 మెట్లు వృథా అని గ్రహించిన గుఱ్ఱం క్రమంగా నేరుగా 4వ మెట్టుకు పోవడం నేర్చుకొంటుంది. ‘హెచ్చరిక లేకుండ కరచింది’ అని మనం చెప్పుకొనేది సాధారణంగా ఇటువంటి గుఱ్ఱాన్ని గురించే.

అన్ని కాట్లూ కోపం కావు. స్నేహంగా ఉన్న గుఱ్ఱాలు ఎదురెదురుగా నిలిచి ఒకదాని మెడమొదలును మరొకటి పండ్లతో గోకుతాయి. ఆ చోట గోకినప్పుడు గుఱ్ఱం గుండె కొట్టుకొనే వేగం తగ్గుతుందని 1993లో ఒక పరిశోధన తెలిపింది. మాలీసు చేసే మనిషి భుజాన్ని గుఱ్ఱం పండ్లతో పట్టుకోవడం కొన్నిసార్లు ఈ ఉపకారానికి ప్రత్యుపకారమే. గుఱ్ఱపు తోలుకు అది సుఖం. మనిషి చర్మానికి గాయం. పడుచు మగ గుఱ్ఱాలు ఆటలో ఒకదాని కాళ్ళు మరొకటి కొరుకుతాయి. మనిషిని తోటి ఆటగానిగా తలచి అదే పని చేస్తాయి.

చూపు సంగతి కూడ మరువరాదు. గుఱ్ఱం కండ్లు తలకు రెండు ప్రక్కల ఉండడంచేత చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. కాని నొసటికి సూటిగా ఎదుట, మూతి క్రింద ఉన్న కొంత మేర దానికి కనబడదు. అక్కడికి అకస్మాత్తుగా చెయ్యి పోనిస్తే అది మూతితో తడుముకొంటుంది. ఒక్కొక్కప్పుడు పండ్లూ తగులుతాయి.

మరి మనిషికి దగ్గరగా బ్రతకగల ఓర్పు గుఱ్ఱానికి ఎట్లా వచ్చింది? 2021లో ప్రచురితమయిన ఒక పెద్ద పరిశోధనలో ప్రాచీన గుఱ్ఱాల ఎముకలలోని జన్యుపదార్థాన్ని పరిశీలించారు. నేటి పెంపుడు గుఱ్ఱాల పూర్వులు వోల్గా, డాన్ నదుల దిగువ మైదానాలలో పుట్టి, క్రీ. పూ. 2000 ప్రాంతంనుండి ఖండమంతటా వ్యాపించినవని తేలింది. ఆ పూర్వికులలో మానవుడు ఎన్నిక చేసిన లక్షణాలను సూచించే జన్యువులు ప్రధానంగా రెండు కనబడినవి. ఒకటి వెన్ను దృఢత్వానికి, రెండవది భయాన్నీ దూకుడునూ అదుపుచేసే మెదడు భాగానికి సంబంధించినవిగా శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అంటే, మోయగల వీపునూ, ఓర్వగల మనస్సునూ మానవుడు 4000 ఏండ్ల క్రిందటనే ఏరుకొన్నాడన్నమాట. అటువంటి జంతువు కరుస్తున్నదంటే, కారణం వెదకవలసిన బాధ్యత మనదే.

దెబ్బ నేర్పేదేమిటి?

కరిచిన గుఱ్ఱాన్ని మూతిపై కొట్టడం లోకాచారం. ఇది పనిచేస్తుందా? 1898లో అమెరికా శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో ఉంచి చేసిన ప్రయోగాలవలన, ఏ చేష్టకు వెంటనే సుఖమైన ఫలితం కలుగుతుందో ఆ చేష్ట తిరిగి తిరిగి జరుగుతుందని తెలిసింది. గుఱ్ఱం కరచింది, మనిషి వెనుకకు గెంతాడు. పొమ్మని చెప్పదలచిన గుఱ్ఱానికి కావలసిన ఫలితం లభించింది! తరువాత మనిషి కఱ్ఱ వెదకి తెచ్చి కొట్టేసరికి కొన్ని క్షణాలు గడిచాయి. ఆ దెబ్బకూ తన కాటుకూ సంబంధం గుఱ్ఱం గ్రహించలేదు. మనిషి చెయ్యి పైకి లేస్తే నొప్పి కలుగుతుందని మాత్రం గ్రహిస్తుంది. ఇక అప్పటినుండి చెయ్యి చూడగానే తల విసురుతుంది, లేదా తానే ముందుగా కరుస్తుంది. జెనొఫన్ చెప్పినది ఇదే గదా!

గుఱ్ఱం మనిషిని ఎంత సూక్ష్మంగా గమనిస్తుందో బెర్లిన్ నగరంలోని ‘తెలివిగల హాన్స్’ కథవలన వెల్లడయింది. అది గిట్టతో తట్టి లెక్కలు చెప్పేది. 1907లో ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దాని రహస్యం బయటపెట్టాడు. లెక్క దానికి రాదు. సరియైన సంఖ్య రాగానే ప్రశ్నించినవాని తలలో కలిగే అతి స్వల్పమైన కదలికను అది పట్టుకొనేది. అంతటి చూపుగల జంతువు ఎదుట భయపడుతూ, బిగుసుకొని నిలిచే సాహిణి తన భయాన్ని దాచలేడు.

ఈ వెలుగులో రేరీ పద్ధతిని తిరిగి పరీక్షింపవలసివచ్చింది. 1967లో సెలిగ్మన్, మేయర్ అనే శాస్త్రజ్ఞులు కుక్కలపై చేసిన ప్రయోగాల ఫలితాలను ప్రకటించారు. ఏమి చేసినా తప్పించుకోలేని బాధకు గురియైన కుక్కలు, తరువాత తప్పించుకొనే దారి ఉన్నా ప్రయత్నించకుండ పడి ఉన్నవి. దీనికి ‘అభ్యాసజనిత నిస్సహాయత’ అని పేరు. కాళ్ళు బంధింపబడి, పెనుగులాడి పెనుగులాడి, చివరకు నేలకు ఒరిగిన గుఱ్ఱం స్థితి ఇటువంటిదే కావచ్చునని నేటి అశ్వప్రవర్తన శాస్త్రజ్ఞులు పలువురు అంటున్నారు. నిశ్చలంగా ఉన్న జంతువు నెమ్మదించినదా, ఆశ వదలుకొన్నదా అన్నది పైకి చూచి చెప్పలేము. కనుక రేరీ చెప్పిన 3 సూత్రాలు నేటికీ నిలిచినవి. ఆయన తోలుపట్టీ మాత్రం నిలువలేదు. ఒక మనిషి కనుగొన్న సత్యం ఆయన పద్ధతికంటె ఎక్కువకాలం బ్రతకడం శాస్త్ర చరిత్రలో అరుదు కాదు.

పొగరా, నొప్పియా?

21వ శతాబ్దిలో వచ్చిన ముఖ్యమైన మార్పు మరొకటి. దుష్టస్వభావం అనుకొన్నది తరచు రోగలక్షణమని తెలియవచ్చింది. 2010లో ఫ్రాన్సు పరిశోధకులు స్వారీ పాఠశాలలలోని 59 గుఱ్ఱాలను పరిశీలించారు. వెన్నెముక బాధలున్న గుఱ్ఱాలే మనుష్యులపట్ల ఎక్కువ దూకుడుగా ప్రవర్తిస్తున్నవని వారు కనుగొన్నారు. చెడ్డ గుఱ్ఱమని తీసివేయాలా, చికిత్స చేయించాలా అన్న ప్రశ్నను ఆ వ్యాసం పేరులోనే ఉంచారు.

కడుపు సంగతి చూడండి. గుఱ్ఱం రోజులో అధికభాగం మేస్తూ గడపడానికి ఏర్పడిన జంతువు. అందుచేత దాని కడుపులో ఆమ్లం ఎడతెగక ఊరుతూనే ఉంటుంది. నమలుతున్నంతసేపూ లాలాజలం దానిని విరుస్తుంది. శాలలో కట్టివేసి, పూటకింత దాణా పెట్టి, నడుమ పచ్చిక గాని ఎండుగడ్డి గాని లేకుండ చేస్తే ఆ ఆమ్లం కడుపు గోడలను తింటుంది, పుండ్లు పడతాయి. పందెపు గుఱ్ఱాలలో ఇవి మిక్కిలి సాధారణం. పొట్టకు తంగు బిగించేవేళ మెడ త్రిప్పి కరవబోయే గుఱ్ఱానికి కడుపులో పుండు ఉండవచ్చును. జీను ఒరిపిడివలన వీపు నొప్పి ఉండవచ్చును. పండ్ల అంచులు అరిగి కత్తులవలె మారి, బుగ్గలు కోసుకొనిపోతుంటే కళ్ళెం వేసేవానిని అది కరవబోతుంది. 2018లో స్యూ డైసన్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఆమె సహచరులు స్వారీలో ఉన్న గుఱ్ఱానికి నొప్పి ఉన్నదని తెలిపే 24 చేష్టల పట్టికను ప్రకటించారు. వాటిలో 8 గాని అంతకుమించి గాని కనబడితే నొప్పిని అనుమానించాలి. ఒకనాడు పొగరు క్రింద జమకట్టిన చేష్టలు పెక్కు ఆ పట్టికలో ఉన్నవి.

ఒంటరితనం మరొక కారణం. 2004లో డెన్మార్కులో పడుచు గుఱ్ఱాలను కొన్నింటిని గుంపుగా, కొన్నింటిని విడివిడిగా పెంచి, తరువాత శిక్షణ ఇచ్చి చూచారు. ఒంటరిగా పెరిగినవి శిక్షకుని ఎక్కువసార్లు కరచినవి. గుంపులో పెరిగినవి పాఠాలు త్వరగా నేర్చినవి. మర్యాద మొదట తోటివారివద్దనే అలవడుతుంది కాబోలు. 3 సంవత్సరాలు ఒంటరిగా, ఇనుప చిక్కంతో నిలిచిన క్రూజర్‌ను ఇక్కడ తలచుకోవాలి. దాని కోపాన్ని ఆ శాల మాన్పలేదు, పెంచి ఉండవచ్చును.

నేటి పద్ధతి

కరిచే గుఱ్ఱంతో వ్యవహరించేవారు ఇప్పుడు అనుసరించే క్రమం ఇది. మొదట పశువైద్యుడు పండ్లు, కడుపు, వీపు, కాళ్ళు పరీక్షించాలి. జీను సరిపోయిందో లేదో చూడాలి. రెండవది, రోజంతా నమలడానికి గడ్డి, తిరగడానికి చోటు, కంటికి కనబడే దూరంలో మరొక గుఱ్ఱం ఉండాలి. మూడవది శిక్షణ. మూతికి ఎదురుగా కాక భుజంప్రక్క నిలిచి, చెవులను గమనిస్తూ ఉండాలి. చెవులు వాలగానే, అంటే మొదటి మెట్టులోనే, పని ఆపి కారణం చూడాలి. తల అవతలికి త్రిప్పి నెమ్మదిగా నిలిచిన క్షణంలోనే, ఆలస్యం లేకుండ, మెడమొదలు గోకి గాని పగ్గం వదులుచేసి గాని మెప్పు తెలపాలి. తల మనిషి మీదికి వస్తే గెంతకుండ, కొట్టకుండ, మోచేతిని అడ్డుపెట్టి నిలవాలి. చిన్నపిల్లలను మగ గుఱ్ఱం దగ్గర ఒంటరిగా విడువరాదు. అవసరమైనచోట చిక్కం కట్టడం తప్పుకాదు. అది మనిషికి రక్షణయేగాని గుఱ్ఱానికి చికిత్స కాదు.

చేతితో బెల్లమో కారెట్టో పెడితే గుఱ్ఱానికి కరిచే అలవాటవుతుందని పెద్దలు అంటారు. 2010లో ఇంగ్లండులో యజమానులను ప్రశ్నించి చేసిన ఒక పరిశీలనలో, చేతితో తినిపించిన గుఱ్ఱాలు చెయ్యి నాకడం, జేబులు వెదకడం ఎక్కువని తేలింది. కాని చేతిని కొరకడానికీ, తినిపించడానికీ స్పష్టమైన సంబంధం కనబడలేదు. అనుభవజ్ఞుల మాటలో సగం నిజమయింది, సగం నిలువలేదు. పరిశీలించి చూడనిదే ఏ సగం నిజమో తెలియదు.

రేరీ 1860 చివర క్రూజర్‌ను వెంటబెట్టుకొని స్వదేశం చేరాడు. 1866లో, 40 ఏండ్లయినా నిండకముందే మరణించాడు. ఎవరూ దగ్గరకు పోలేని ఆ గుఱ్ఱం ఆయన తరువాత మరి 9 సంవత్సరాలు గ్రోవ్‌పోర్ట్‌లో బ్రతికి 1875లో చనిపోయింది. ఆ ఊరి ఉన్నత పాఠశాల ఆటల జట్లు క్రూజర్ పేరునే పెట్టుకొన్నవి. మరెల్ గ్రీన్ శాలలో ఆ గుఱ్ఱానికి ఎక్కడైనా నొప్పి ఉన్నదేమో ఆనాడు ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడ రాలేదు. నేడు కరవబోయే గుఱ్ఱం ఎదుట నిలిచిన శిక్షకుడు మొట్టమొదట అడిగే ప్రశ్న అదే. జెనొఫన్ చిక్కంనుండి ఈ ప్రశ్నవరకు రావడానికి మానవునికి 2300 ఏండ్లు పట్టింది.